యజమాని గల్ఫ్‌లో, బండి పర్లాకిమిడిలో: ఇన్సూరెన్స్, రోడ్ ట్యాక్స్ గడువులు ఎలా నడుస్తాయి?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో వరండా మూలన పాత దుప్పటి కప్పిన బండి కనిపిస్తే, దాని యజమాని దుబాయిలోనో కువైట్‌లోనో ఉండి ఉంటాడు. రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లిన మనిషి రెండు నెలల సెలవుకు వచ్చినప్పుడు దుప్పటి తీస్తాడు. మిగతా రోజుల్లో ఆ బండి కొన్ని ఇళ్లలో అసలు కదలదు. కొన్ని ఇళ్లలో తమ్ముడు నడుపుతాడు, ఇంకొన్ని చోట్ల ఎవరికి పని పడితే వాళ్లు తీస్తారు. ఈలోగా పాలసీ గడువు అయిపోతోందని ఫోనుకు మెసేజ్ వస్తుంది. రోడ్ ట్యాక్స్ కూడా కట్టాలట అని ఇంటి దగ్గర ఎవరో అంటారు. ఈ రెండింటిలో ఏది నిజంగా కట్టాలి, ఎప్పుడు కట్టాలి, దూరం నుంచి ఏది సాధ్యం అన్న దగ్గరే అయోమయం మొదలవుతుంది.

క్లుప్తంగా

మామూలు సొంత బండికి ఏటా కట్టే రోడ్ ట్యాక్స్ లేదు. రిజిస్ట్రేషన్ రోజునే 15 ఏళ్లకు సరిపడా కట్టేసి ఉంటారు. గడువు తీరేవి ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, 15 ఏళ్లు నిండాక ఆర్సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. ఇన్సూరెన్స్ ఏ దేశం నుంచైనా కట్టవచ్చు కానీ మిగతా రెండింటికి బండిని తీసుకెళ్లి చూపించాలి. నడిపేది ఎవరైనా, ప్రమాదం జరిగితే ఆర్సీలో పేరున్న మనిషికి నోటీసు వస్తుంది.

లేని రెన్యువల్ మీద టెన్షన్

ఒడిశాలో ద్విచక్ర వాహనాలకు పన్ను ఒక్కసారే కడతారు. షోరూమ్ బిల్లులో వన్ టైమ్ ట్యాక్స్ పేరుతో కలిసిపోయి ఉంటుంది కాబట్టి కట్టినట్టే చాలామందికి గుర్తుండదు. ఆంధ్ర, తెలంగాణల్లో దీన్నే లైఫ్ ట్యాక్స్ అంటారు. మహారాష్ట్రలో కూడా పద్ధతి ఇదే.

మరి రెన్యువల్ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఒకటి, అదే వీధిలో ఆటోనో, సరుకుల వ్యానో ఉన్నవాళ్ల దగ్గర నుంచి. కిరాయి బండ్లకు మూడు నెలలకో ఏడాదికో పన్ను కట్టే పద్ధతి ఉంది. కొన్నాళ్లు నడపకపోతే ఆఫ్ రోడ్ అని ముందుగా రాసిచ్చి ఆ కాలానికి పన్ను తప్పించుకునే వీలూ ఉంది. దాన్ని చూసి, ఊళ్లో లేని రెండేళ్లకు తన బైక్ పన్ను కూడా ఆపించుకోవచ్చని అనుకునేవాళ్లు ఉంటారు. ఒకేసారి కట్టేసిన పన్నులో ఆపడానికి ఇంకేమీ మిగలదు. రెండోది, గల్ఫ్ అలవాటు.

ముల్కియా ఒక తేదీ, ఇక్కడ నాలుగు తేదీలు

యూఏఈలో బండి రిజిస్ట్రేషన్ కార్డును ముల్కియా అంటారు, సౌదీలో ఇస్తిమారా అంటారు. యూఏఈలో దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి. ఇన్సూరెన్స్ లేకుండా రెన్యువల్ కాదు, బాకీ ఉన్న ఫైన్లు కట్టకుండానూ కాదు. అంటే ఒక తేదీ గుర్తుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. అక్కడ పదేళ్లు ఉన్న మనిషి మన బండి కాయితాలు కూడా అలాగే నడుస్తాయని అనుకోవడంలో వింత లేదు.

ఇక్కడ ఒకే బండికి నాలుగు గడువులు ఉంటాయి. పన్ను, ఆర్సీ రెండూ కలిసి 15 ఏళ్లకు. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఉండే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఏడాదికి, కొత్త బండికైతే అయిదేళ్లకు. ఇన్సూరెన్స్‌లోనే మన బండికి జరిగే సొంత నష్టం భాగం ఏడాదికి. పొల్యూషన్ సర్టిఫికెట్ బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాదికి, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలకు. ఒకటి ముగిసిందని ఇంకోటి గుర్తు చేయదు.

కొంతకాలం వీటిలో రెంటినైనా ముడివేసే ప్రయత్నం జరిగింది. పొల్యూషన్ సర్టిఫికెట్ లేనిదే ఇన్సూరెన్స్ రెన్యువల్ చేయరాదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. దానివల్ల థర్డ్ పార్టీ బీమా కూడా లేకుండా తిరిగే బండ్లు పెరుగుతున్నాయన్న వాదనతో 2024 జులైలో ఆ షరతును కోర్టే సడలించింది. దూరాన ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరటే. దుబాయిలో కూర్చుని పాలసీ కొనవచ్చు గానీ, బండిని పెట్రోల్ బంకు పక్కనున్న పొల్యూషన్ సెంటర్‌కు ఎవరో ఒకరు తీసుకెళ్లాల్సిందే. పొగ గొట్టంలో గొట్టం పెట్టి రీడింగ్ తీసి, నంబరు ప్లేటు ఫొటోతో అప్‌లోడ్ చేస్తేనే సర్టిఫికెట్ వస్తుంది. ఆరు నెలలు కదలని బండైతే బ్యాటరీ దిగిపోయి, ఆ రోజు బంకు దాకా తోసుకెళ్లే పని కూడా పడుతుంది.

అయిదేళ్ల పాలసీలో ఏడాదికే ముగిసే సగం

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే, అదీ ఎవరూ మోసం చేయకుండానే.

2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి అయిదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి అయింది. మొదటి ఏడాది షోరూమ్‌లో కట్టించిన ఇన్సూరెన్స్‌ను తరువాత చాలామంది కట్టడం లేదని, ప్రమాద బాధితులకు పరిహారం అందడం లేదని సుప్రీంకోర్టు ఆ ఏడాది జులైలో ఇచ్చిన ఆదేశం దీనికి మూలం. అంటే ఆ అయిదేళ్ల రక్షణ ఎదుటివాళ్లకు. బండి యజమాని సొంత నష్టానికి, అంటే దొంగతనం, తుఫాను, నిప్పు, గుద్దుకోవడం వంటివాటికి ఉండే భాగం వేరు. 2020 ఆగస్టు 1 నుంచి కొత్త బండ్లకు ఆ భాగాన్ని కూడా దీర్ఘకాలానికి కలిపి అమ్మే ప్యాకేజీని బీమా నియంత్రణ సంస్థ ఉపసంహరించింది. అప్పటి నుంచి మామూలుగా ఇచ్చేది అయిదు ప్లస్ ఒకటి.

2022 జూన్‌లో కొన్న బండిని తీసుకుంటే, పాలసీ కాయితం మీద రెండు తేదీలు ఉంటాయి. థర్డ్ పార్టీ 2027 జూన్ దాకా. సొంత నష్టం 2023 జూన్ దాకా. అయిదేళ్లకు కట్టేశాం కదా అన్న ధైర్యంతో మనిషి విమానం ఎక్కుతాడు. 2024లో వరండాలోంచి బండి పోతే పోలీసు కేసు పెట్టవచ్చు, రెండు తాళంచెవులూ చూపించవచ్చు, కంపెనీ మాత్రం పైసా ఇవ్వదు. చెక్‌పోస్టు దగ్గర చూస్తే మాత్రం ఇన్సూరెన్స్ ఉన్నట్టే చూపిస్తుంది, ఎందుకంటే చట్టం అడిగేది థర్డ్ పార్టీనే.

ఈ ప్రాంతానికి ఇది ఊహాజనితమైన లెక్క కాదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచింది, అక్కడ కొండచరియలు విరిగిపడ్డాయి. కొబ్బరి చెట్టు పడి నలిగిన బండికి, వరద నీళ్లలో మూడు రోజులు మునిగిన ఇంజిన్‌కు డబ్బు ఇచ్చేది సొంత నష్టం భాగమే.

అది ముగిశాక 90 రోజుల్లోపు కట్టకపోతే, క్లెయిమ్ చేయనందుకు ఏటా పెరుగుతూ వచ్చే తగ్గింపు పోతుంది. తొలి ఏడాదికి 20 శాతంతో మొదలై 50 శాతం దాకా వెళ్లే తగ్గింపు అది. గడువు దాటాక కొన్ని కంపెనీలు బండి వీడియో కూడా అడుగుతాయి. ఇంట్లో స్మార్ట్ ఫోను పట్టుకుని బండి చుట్టూ తిరిగి చూపించే మనిషి ఉండాలి.

ఖర్చు ఎంత?

థర్డ్ పార్టీ రేటు కంపెనీ ఇష్టం కాదు, ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ మధ్య బండికి ఏడాదికి 714 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 843. ఊళ్లల్లో తిరిగే బండ్లలో ఎక్కువ భాగం ఈ తరగతివే. 150 దాటి 350 సీసీ దాకా 1,366, ఆపైన 2,804.

కొత్త బండికి అయిదేళ్ల మొత్తం 75-150 సీసీలో 3,851. ఏడాది రేటును అయిదుతో గుణిస్తే 3,570 వస్తుంది. అంటే పైన 281 రూపాయలు ఎక్కువ, దానికి బదులుగా మధ్యలో రేటు పెరిగినా భారం పడదు. పాత బండ్లకు కూడా రెండు, మూడేళ్ల పాలసీ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లేవాళ్లకు ధర కన్నా, మధ్యలో గుర్తు పెట్టుకోనక్కర్లేదు అన్నదే అసలు లాభం.

ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 రూపాయలు. మూడు నెలల దాకా జైలు కూడా చట్టంలో ఉంది. చిన్న బండి ప్రీమియం మొదటి జరిమానాలో సగం కూడా లేదు.

కదలని బండి, కదిలే బండి

తాళం వేసి ఇంట్లో పెట్టిన బండికి ఇన్సూరెన్స్ లేకపోతే నేరమా? కాదు. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ అడిగేది బహిరంగ ప్రదేశంలో నడిపే, లేదా నడపనిచ్చే బండి గురించి. బ్రిటన్‌లో 2011 నుంచి పద్ధతి వేరు. అక్కడ రిజిస్టరైన బండికి ఎప్పుడూ ఇన్సూరెన్స్ ఉండాలి, లేదా రోడ్డు మీదికి తేవడం లేదని ముందే తెలియజేయాలి. మన దగ్గర అలాంటి షరతు లేదు. కాబట్టి నిజంగా కదలని బండికి రెండేళ్లు థర్డ్ పార్టీ లేకపోయినా చట్టం దృష్టిలో తప్పు లేదు. సెలవుకు వచ్చిన రోజు, బండి బయటికి తీయకముందే కడితే చాలు. అలాంటి బండికి అసలు కావాల్సింది దొంగతనానికి, తుఫానుకు రక్షణ.

కాకపోతే నిజంగా కదలని బండ్లు ఎన్ని? తాళంచెవి ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంటే, రాత్రి పూట మందులకో, బస్టాండుకో ఎవరో ఒకరు తీస్తారు. ఆ ఒక్కసారే చాలు.

తమ్ముడు నడిపితే ఎవరు బాధ్యులు

రోడ్డు ప్రమాదంలో ఎవరైనా చనిపోతేనో గాయపడితేనో మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో కేసు పడుతుంది. అందులో నడిపిన మనిషితో పాటు యజమానినీ చేరుస్తారు. చట్టం ప్రకారం యజమాని అంటే ఎవరి పేరు మీద రిజిస్టరై ఉందో వాళ్లు. బండి అమ్మేసినా ఆర్సీలో పేరు మారకపోతే పాత యజమానే బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అమ్మేసిన మనిషికే అలా ఉంటే, అమ్మకుండా తమ్ముడికి ఇచ్చి వెళ్లిన మనిషి సంగతి చెప్పనక్కర్లేదు. ప్రమాదం రోజు తాను దోహాలో డ్యూటీలో ఉన్నానని పాస్‌పోర్టు చూపించినా ఆ బాధ్యత తొలగదు. పాలసీ అమల్లో ఉంటే కంపెనీ కడుతుంది. లేకపోతే లక్షల్లో వచ్చే తీర్పు యజమాని ఆస్తి మీద, అంటే గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇంటి మీద పడవచ్చు.

పాలసీ ఉన్నా అందరికీ రక్షణ దొరకదు. వెనక కూర్చున్న మనిషి ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ కిందికి రాడని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సొంత నష్టం కూడా కలిసిన ప్యాకేజీ పాలసీ ఉంటే వస్తాడు. బండి అడిగి తీసుకుని నడిపే మనిషి యజమాని స్థానంలో ఉన్నట్టే గానీ మూడో వ్యక్తి కాదని 2009లో నింగమ్మ కేసు తీర్పు. పాలసీతో కలిపి తీసుకునే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమాని తానే నడిపినప్పటికి సంబంధించినది. ఇవన్నీ కలిపి చూస్తే, తమ్ముడు అమ్మను వెనక ఎక్కించుకుని సంతకు వెళ్తూ ఇసుక మీద జారి పడితే, 843 రూపాయల పాలసీ నుంచి ఆ ఇద్దరికీ ఏమీ రాకపోవచ్చు.

తమ్ముడికి 18 ఏళ్లు నిండకపోతే విషయం మరీ తీవ్రం. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ నడిపి నేరం జరిగితే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. ఆ కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. తనకు తెలియకుండా జరిగిందని నిరూపించుకునే భారం యజమానిదే. తమ్ముడు బండి మీద కూర్చున్న ఫొటోకు వాట్సాప్‌లో పెట్టిన లైక్ ఆ వాదనకు పనికిరాదు.

ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది

చట్టం కన్నా ఎక్కువ విసిగించేది ఇదే. ఇన్సూరెన్స్ సైట్లో నంబరు కొడితే బండి వివరాలు వాటంతట అవే వస్తాయి. 2023 జనవరి 1 నుంచి బీమాకు కేవైసీ, అంటే గుర్తింపు రుజువు, తప్పనిసరి కాబట్టి పాన్ గానీ ఆధార్ గానీ కావాలి. ఆధార్ అంటే ఓటీపీ. ఓటీపీ అంటే ఇండియా సిమ్. రోమింగ్ లేని సిమ్ కువైట్ గదిలో పెట్టెలో ఉన్నా లేనట్టే. అందుకే సిమ్‌ను ఇంట్లో అమ్మ ఫోనులో వేసి వెళ్తారు. అక్కడి టైమ్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. డ్యూటీ దిగి భోజనం చేసి కూర్చునేసరికి ఇక్కడ ఇంటిల్లిపాదీ నిద్రలో ఉంటారు. "అమ్మా, మెసేజ్ వచ్చిందేటి?" అని అడిగి, కళ్లజోడు వెతికి అంకెలు చదివేలోపు దాని గడువు అయిపోతుంది. 90 రోజులు వాడకుండా, రీఛార్జ్ లేకుండా ఉంచితే ఆ నంబరు పోయి కొన్నాళ్లకు వేరేవాళ్లకు వెళ్లే ప్రమాదమూ ఉంది.

ఆర్సీకి సంబంధించిన పనులకైతే, బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే ప్రభుత్వ సైటు వాహన్ పోర్టల్‌లో ఉన్న మొబైల్ నంబరు చూడాలి. చాలా బండ్లకు అది షోరూమ్ కుర్రాడిదో, ఏజెంటుదో అయి ఉంటుంది. దాన్ని మార్చడానికి ఛాసిస్ నంబరులో చివరి అయిదు అక్షరాలు అడుగుతుంది. ఆర్సీ దొరక్కపోతే హ్యాండిల్ కింద ఫ్రేమ్ మీద చెక్కి ఉన్న ఆ అంకెలను మట్టి తుడిచి, వీడియో కాల్‌లో టార్చి వేసి చదివించుకోవాలి. మూడూ ఎనిమిదీ ఒకేలా కనిపిస్తాయి.

డబ్బు కట్టడం మునుపటి కంటే సులువైంది. విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి బ్యాంకుల్లో తెరిచే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకునేందుకు 2023 జనవరిలో 10 దేశాల నంబర్లకు అనుమతి వచ్చింది. యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ అందులో ఉన్నాయి. ఆ మొదటి జాబితాలో కువైట్ లేదు.

కట్టాక వచ్చిన పీడీఎఫ్ ఇంటికి వాట్సాప్ చేస్తే సరిపోతుంది. డిజిలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో చూపే కాయితాలు చెల్లుతాయని 2018 నుంచి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. ఏజెంటు ద్వారా కట్టించినప్పుడు మాత్రం, కొద్ది రోజులాగి వాహన్‌లో పాలసీ తేదీ మారిందో లేదో చూడటం అవసరం. కాయితం నకిలీదైతే అక్కడ తేదీ మారదు.

ఓఆర్ ప్లేటు ఉన్న బండి

ఒడిశాలో నంబర్లు ఓఆర్ నుంచి ఓడీకి మారింది 2012లో. గజపతిలో ఓడీ-20, గంజాంలో ఓడీ-07, రాయగడలో ఓడీ-18 వచ్చింది అప్పుడే. కాబట్టి ప్లేటు మీద ఇంకా ఓఆర్-20 అని ఉంటే, ఆ బండికి 15 ఏళ్లు నిండి ఉంటాయి, లేదా 2027 లోపు నిండుతాయి. అక్కడ పన్ను, ఆర్సీ రెండు గడువులూ కలుస్తాయి. రోడ్ ట్యాక్స్ రెన్యువల్ అన్న మాటకు ఏదైనా అర్థం ఉంటే ఇక్కడే. ఆర్సీ మరో అయిదేళ్లకు పొడిగించాలి, దానితో పాటు రాష్ట్రం అడిగే పన్ను కట్టాలి. మహారాష్ట్ర వైపు సిరొంచ, రాజురా, ధర్మాబాద్ తెలుగు కుటుంబాలకు దీనిమీద 2010 నుంచి పర్యావరణ పన్ను కూడా ఉంది.

ఆర్సీ పొడిగింపుకు ఇచ్చే ఫారం 25 దరఖాస్తు గడువుకు 60 రోజుల ముందు నుంచే తీసుకుంటారు, అంతకన్నా ముందు కుదరదు. బండిని తనిఖీకి చూపించాలి. ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 1,000 రూపాయలు. 20 ఏళ్లు దాటిన బండికి 2025 ఆగస్టు నోటిఫికేషన్‌తో 2,000 అయింది. ఆలస్యమైతే నెలకు 300. యజమాని వెళ్లిన మూడో నెలలో గడువు పడి, రెండేళ్లు ఎవరూ పట్టించుకోకపోతే ఆలస్యం ఫీజే ఆరేడు వేలు అవుతుంది. 15 ఏళ్ల బండి అమ్మితే వచ్చే డబ్బుతో పోల్చి చూసుకోవాల్సిన మొత్తం ఇది. 2019 ఏప్రిల్‌కు ముందు రిజిస్టరైన బండికి హై సెక్యూరిటీ నంబరు ప్లేటు ఇంకా వేయించకపోతే అదో పని.

పాతపట్నంలో కొన్న బండి

పర్లాకిమిడి, పాతపట్నం పక్కపక్కనే ఉన్నా రాష్ట్రాలు వేరు. శ్రీకాకుళం జిల్లాలో చుట్టాల అడ్రసు మీద బండి కొని ఇటు వైపు ఉంచుకునేవాళ్లు ఉంటారు. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ దేశమంతా చెల్లుతాయి కాబట్టి రోజూ సరిహద్దు దాటడంలో ఇబ్బంది లేదు. బండిని 12 నెలలకు మించి వేరే రాష్ట్రంలోనే ఉంచితే మాత్రం 47వ సెక్షన్ ప్రకారం ఆ రాష్ట్రం నంబరు తీసుకోవాలి. పాత ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాయితం తెచ్చి, కొత్త రాష్ట్రంలో పన్ను కట్టి, పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి వాపసు అడగాలి. ఒక ఆఫీసులో కాయితాలు తెలుగులో, ఇంకో ఆఫీసులో ఒడియాలో. విదేశంలో ఉన్న మనిషికి దూరం నుంచి తెమిలే పని కాదిది.

ఇంట్లో ఒకరు రోజూ నడిపే బండైతే, వెళ్లేముందే వాళ్ల పేరు మీదికి మార్చడం వీటిలో చాలా చిక్కులను తప్పిస్తుంది. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలు, అమల్లో ఉన్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, అప్పు ఉంటే ఫైనాన్స్ కంపెనీ అనుమతి కావాలి. కొత్త యజమాని 14 రోజుల్లో బీమా కంపెనీకి తెలియజేయాలి. వీసా చేతికొచ్చి టికెట్ బుక్ అయ్యాక మిగిలే వారం పది రోజుల్లో మెడికల్ టెస్టులు, బట్టలు, వీడ్కోలు భోజనాలు పోగా ఆర్టీవో ఆఫీసుకు వెళ్లే రోజు దొరకదు. బండి మళ్లీ అతని పేరు మీదే ఉండిపోతుంది.